కంటిపాపలో కిటికీ

మీ ఫోన్‌లో గ్యాలరీ ఒకసారి తెరవండి. మీ పాపదో, అక్క కూతురిదో, పక్కింటి బుడ్డోడిదో, ఇంట్లో తీసిన ఫొటో ఒకటి పైకి తీయండి. రెండు వేళ్లతో కంటిదాకా జూమ్ చేయండి. ఇంకా. ఇంకొంచెం. నల్లగుడ్డు మీద ఏం కనిపిస్తోంది?

సన్నటి తెల్లగీత ఉంటే అది ట్యూబ్‌లైట్. పైభాగంలో చిన్న చుక్క ఉంటే సీలింగ్ బల్బు. నడిమధ్యన సూదిమొనలా మెరుస్తుంటే ఫోన్ ఫ్లాష్. ఏమీ లేక బొగ్గుముక్కలా ఉంటే, అసలు మొహం మీద వెలుతురే పడలేదని అర్థం. అలాకాక నాలుగు పలకల బుల్లి కిటికీ, అందులో గ్రిల్ ఊచలు కూడా కనిపించాయా? అయితే మీకు ఫొటో తీయడం వచ్చేసినట్టే. ఈ వారం కాలమ్‌లో చివరి భాగం మాత్రం చదివి వెళ్లిపోండి. అది వదలొద్దు.

మిగతావాళ్లం కాసేపు కూర్చుందాం.

తెలుగులో ఆ నల్లటి గుండ్రాన్ని కంటిపాప అన్నారు. సంస్కృతంలో కనీనిక అంటే అటు కంటిపాపా అవుతుంది, ఇటు చిన్నపిల్లా అవుతుంది. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపం పాపంత చిన్నగా కనిపిస్తుంది కదా! కన్ను ఒక అద్దం. పాపకి ఎదురుగా ఏముంటే అందులో అదే ఉంటుంది. ఎదురుగా మంచి వెలుతురుంటే కంట్లో కళ వస్తుంది, లేకపోతే ఎంత ఖరీదైన ఫోనైనా ఆ కళను తెచ్చిపెట్టలేదు. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: కళ్లు చూసి ఫొటో తీయండి, తీశాక మళ్లీ కళ్లే చూడండి.

ముందు ఫోన్ మార్చకండి

నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకే రకం. "అన్నా, మా పాప ఫొటోలన్నీ మసకగా వస్తున్నాయి. ముప్పై వేల లోపు మంచి కెమెరా ఫోన్ చెప్పు." నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. ముందు కర్టెన్ పక్కకి లాగండి.

ఇదేదో తప్పించుకునే సమాధానం కాదు. ఫోన్ లెన్స్ రంధ్రం చాలా చిన్నది. దాదాపు అన్ని ఫోన్లలోనూ దాన్ని పెంచడం, తగ్గించడం కుదరదు. అందుకే వెలుతురు తక్కువైతే ఫోన్‌కి రెండే దార్లు. ఒకటి, షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచడం. రెండు, వచ్చిన కాస్త వెలుతురునీ ఎలక్ట్రానిక్‌గా గుంజి పెద్దది చేయడం. మొదటిదాంతో కదిలింది మసకబారుతుంది. రెండోదాంతో ఫొటో గరుకుగా తయారవుతుంది. ఆ గరుకు పోగొట్టడానికి ఫోనే తుడిచి నున్నగా చేస్తే, పాప బుగ్గలు మైనం బొమ్మలా వస్తాయి.

చిన్న లెక్క చూడండి. టాటా చెప్పే పాప చెయ్యి సెకనుకు ఒక మీటరు కదిలిందనుకుందాం. ఫోన్ 1/30 సెకను తీసుకుంటే, అంతలో ఆ చెయ్యి మూడు సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. వేళ్లు కనిపించవు, పొగ కనిపిస్తుంది. అదే 1/250 సెకనులో అయితే నాలుగు మిల్లీమీటర్లే. 1/500లో రెండు. చెయ్యి అదే, ఫోన్ అదే. మారింది వెలుతురు ఒక్కటే.

మరి మన హాల్లో వెలుతురు లేదా, ట్యూబ్‌లైట్ ఉందిగా అంటారు. మన కన్ను గడుసుది, చీకటికైనా సర్దుకుపోయి అంతా బాగానే ఉందనిపిస్తుంది. నిజానికి రాత్రిపూట ఒక ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో వెలుగు మామూలుగా 100, 200 లక్స్‌ల దగ్గర ఉంటుంది. పగలు కిటికీ పక్కన అది వెయ్యి దాటొచ్చు. ఆరుబయట నీడలో పది వేల దాకా, మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష దాకా వెళ్తుంది. అంటే మీ హాల్లోంచి కిటికీ దగ్గరికి పది అడుగులు వేస్తే, కొత్త ఫోన్ కొన్నదానికంటే ఎక్కువ లాభం. ఆ పది అడుగులకు ఈఎంఐ కూడా లేదు.

మన ఫ్లాట్లలో వెలుతురు ఎక్కడుంది?

మీరు అడగబోయేది నాకు తెలుసు. నేనుండేదీ అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఒక గల్లీలోనే. కింద పార్కింగ్, పైన అయిదంతస్తులు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఎదురు అపార్ట్‌మెంట్. ఇక్కడ జావా నేర్చుకోవచ్చు, పైథాన్ నేర్చుకోవచ్చు, ఏ కోర్సయినా దొరుకుతుంది. వెలుతురు మాత్రం వెతుక్కోవాలి. ఈస్ట్ ఫేసింగ్ అని అదనంగా డబ్బు పోసి కొన్న ఫ్లాట్లలో కూడా చాలాసార్లు ఆ తూర్పు గుమ్మం తెరుచుకునేది లిఫ్ట్ ముందున్న కారిడార్‌లోకే.

వెతకడానికి అరచేయి చాలు. చెయ్యి ముందుకు చాపి, పిడికిలి బిగించి ఇల్లంతా నెమ్మదిగా తిరగండి. పిడికిలి మీద వేళ్ల మధ్య నీడ చూడండి. హాలు మధ్యలో, ట్యూబ్‌లైట్ కింద అన్నీ చదునుగా కనిపిస్తాయి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఒక పక్క వెలుగు, ఇంకో పక్క మెత్తటి నీడ పడి చేతికి రూపం వస్తుంది. అదే పాపను కూర్చోబెట్టాల్సిన చోటు. ఇంకో పరీక్ష కూడా ఉంది. పాప కూర్చునే చోట మీరు నేలమీద కూర్చుని కిటికీ వైపు చూడండి. కాస్తయినా ఆకాశం కనిపిస్తోందా? కనిపిస్తే వెలుతురు ఉన్నట్టే. ఎదురు గోడ మాత్రమే కనిపిస్తే ఇంకొంచెం ముందుకు జరగండి.

ఆ ఎదురు గోడని తిట్టుకోకండి కూడా. అది తెల్లగానో లేత క్రీమ్ రంగులోనో ఉండి, దానిమీద ఎండ పడే గంట ఏదో కనిపెట్టండి. ఆ గంటసేపు అది మీ కిటికీ ముందు నిలబెట్టిన పెద్ద స్టూడియో లైటే. మా ఇంట్లో ఆ సమయం ఉదయం పదిన్నర నుంచి పన్నెండు. మీ ఇంట్లో ఎప్పుడో మీరే చూసుకోవాలి. ఉత్తరం కిటికీ ఉంటే మరీ అదృష్టం. హైదరాబాద్ భూమధ్యరేఖకి ఉత్తరంగా సుమారు పదిహేడున్నర డిగ్రీల్లో ఉంది కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణం వైపే ఉంటాడు. ఉత్తరం వైపు ఎండ సూటిగా పడకుండా రోజంతా నిలకడైన వెలుగు వస్తుంది. దక్షిణం కిటికీలోంచి డిసెంబరులో ఎండ గది లోపలి దాకా వస్తుంది. అప్పుడు గ్రిల్‌కి ఒక తెల్ల పంచె కట్టేయండి. చురుక్కుమనే ఎండ కాస్తా పాలలాంటి వెలుగైపోతుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టినప్పుడు ఫొటోగ్రాఫర్లకు ప్రధానమైన లైటు పగటి వెలుగే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళ చేతుల్లోనే పెట్టాడు. ఆ రోజుల్లో పిల్లలు కదిలితే ఫొటో పాడయ్యేది, అందుకే చాలా పాత ఫొటోల్లో బిగుసుకుపోయి కనిపిస్తారు. మన జేబులో ఉన్న ఫోన్ ముందు పిల్లలు కదలొచ్చు, గెంతొచ్చు. పగటి వెలుగు మాత్రం అదే.

లైటు ఆపెయ్, అక్కా

కిటికీ దగ్గర పాపను కూర్చోబెట్టి ఫోన్ తీయగానే ఇంట్లో ఎవరో ఒకరు స్విచ్ బోర్డు వైపు వెళ్తారు. మా అక్క అయితే ఖాయం.

"ఒరేయ్, చీకట్లో ఏం ఫొటోలురా, లైటెయ్యనా?"

"వద్దక్కా. ఉన్నదీ ఆపెయ్."

"ఫ్యానైనా ఉంచమంటావా, అదీ ఆపనా?"

ఫ్యాన్ ఉంచండి, లైటు మాత్రం ఆపండి. కిటికీ వెలుగు కాస్త నీలం వైపు, బల్బు వెలుగు కాస్త పసుపు వైపు ఉంటాయి. రెండూ కలిస్తే ఏది తెలుపో ఫోన్ తేల్చుకోలేదు. పాప ఒక బుగ్గ పసుపు పెట్టినట్టు, ఇంకో బుగ్గ చలికి నీలం తిరిగినట్టు వస్తుంది. దీనికి తోడు మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. షట్టర్ వేగం పెరిగితే ఫొటోలో అడ్డంగా చారలు పడేది అందుకే.

నీడ పడిన రెండో బుగ్గ మరీ నల్లగా ఉందనిపిస్తే స్టేషనరీ షాపులో ఒక తెల్ల థర్మోకోల్ షీటు కొనండి. పిల్లల ప్రాజెక్టులకు వాడేదే. కిటికీకి ఎదుటి వైపు, ఫొటోలో పడకుండా పెడితే వెలుగు తిరిగి మొహం మీద పడుతుంది. తెల్ల దుప్పటి వేసిన మంచమైనా ఆ పని చేస్తుంది. ముదురు ఆకుపచ్చ గోడ పక్కన మాత్రం కూర్చోబెట్టకండి. ఆ గోడ రంగే బుగ్గలకు పాకుతుంది.

ఫోన్‌లో చేయాల్సినవి

ఒకటి, లెన్స్ తుడవండి. నవ్వకండి. పిల్లలున్న ఇంట్లో ఫోన్ మీద నెయ్యి, బిస్కెట్ పొడి, బేబీ ఆయిల్ ఉండి తీరతాయి. మెత్తటి నూలు గుడ్డతో ఒకసారి తుడిస్తే సగం పొగమంచు పోతుంది.

రెండు, సెల్ఫీ కెమెరా కాదు, వెనక కెమెరా వాడండి. మొహం మీదికి ఫోన్ పెట్టకండి. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అయిదారు అడుగుల దూరం నుంచి 2ఎక్స్ పెట్టి తీయండి. వేళ్లతో లాగి పదింతలు జూమ్ చేయడం మాత్రం వద్దు.

మూడు, స్క్రీన్ మీద పాప కన్ను ఉన్నచోట, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద, వేలితో తట్టండి. చాలా ఫోన్లలో వేలు కాసేపు అలాగే ఉంచితే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొద్దిగా కిందికి లాగండి. మొహంలో తెల్లగా పేలిపోయిన చోట్లు తగ్గి అసలు చర్మం రంగు తిరిగొస్తుంది.

ఇక్కడొక మాట. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. చామనఛాయ పాపని ఫోన్ తెల్లగా చేయాల్సిన అవసరం లేదు. పదేళ్ల తర్వాత ఆ పాప తన ఫొటో చూసుకుని, "ఇంట్లోవాళ్లకి నా రంగు నచ్చలేదా?" అని అడిగితే మన దగ్గర జవాబుండదు.

నాలుగు, ఒక్కటి తీసి ఆగకండి. బర్స్ట్ వాడండి. ఐఫోన్‌లో షట్టర్ బటన్‌ని ఎడమకి లాగి పట్టుకోవాలి. ఆండ్రాయిడ్‌లో బ్రాండును బట్టి నొక్కి పట్టుకోవడమో, కిందికి లాగడమో ఉంటుంది. ఇరవైలో ఒకటి బాగా వస్తే చాలు. మిగతా పంతొమ్మిదీ అదేరోజు తీసేయండి, లేకపోతే నెల తిరిగేసరికి స్టోరేజ్ ఫుల్.

అయిదు, కదిలే పిల్లలకి నైట్ మోడ్ వద్దు. అది వరసగా చాలా ఫొటోలు తీసి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. ఆలోగా పాప వంటింట్లోకి వెళ్లిపోతుంది. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/250 దగ్గర పెట్టి, ఐఎస్‌ఓ ఆటోలో వదిలేయండి.

తాతయ్యకి పంపేటప్పుడు వాట్సాప్‌లో హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. ఇంత కష్టపడి తెచ్చిన కంట్లో కిటికీని చివర్లో పిండి పంపిస్తే ఎలా?

"ఇటు చూడు, నవ్వు" అనకండి

అంటే పళ్లు చూపిస్తారు, నవ్వరు. మనం నిలబడి పైనుంచి తీస్తే పెద్ద తల, చిన్న కాళ్లతో పాప బొద్దింకలా కనిపిస్తుంది. నేలమీద కూర్చోండి, అవసరమైతే బోర్లా పడుకోండి. ఫోన్ పాప కంటి ఎత్తులో ఉండాలి.

చేతికి పని ఇవ్వండి. బఠాణీలు ఒలవమనండి, అగ్గిపెట్టెలతో ఇల్లు కట్టమనండి. పనిలో పడ్డ పిల్లలు దాదాపు కదలరు, మొహంలో ఏకాగ్రత ఎంత ముద్దుగా ఉంటుందో! మా వైపు ఇంకో సౌకర్యం ఉంది. 2017 నవంబరులో మెట్రో మొదలైన దగ్గర్నుంచి అమీర్‌పేట దగ్గర రెండు లైన్లు కలుస్తాయి, రైళ్లు వస్తూనే ఉంటాయి. "మెట్రో వస్తోందేమో చూడు" అనగానే మా మేనకోడలు కిటికీ వైపు తల తిప్పుతుంది. మొహం నిండా వెలుగు, కళ్లలో కిటికీ. రైలు కనబడగానే "మామా, వచ్చింది!" అని నా వైపు తిరుగుతుంది చూడండి, ఆ అరసెకను కోసమే బర్స్ట్. మీ వీధిలో మెట్రో లేకపోతే పావురాలున్నాయి, కొబ్బరిబొండాల బండి ఉంది.

ఒక షరతు. గ్రిల్ లేని కిటికీ దిమ్మె మీద, బాల్కనీ గోడ మీద పిల్లల్ని ఎక్కించొద్దు. పెద్దవాళ్లు పక్కన ఉన్నా సరే. వెలుతురు నేలమీద కూడా పడుతుంది.

ఫ్లాష్ చెప్పే ఇంకో సంగతి

ఇక మొదట్లో వదలొద్దన్న భాగం.

ఫ్లాష్ వద్దనే చెప్తాను. అయినా పుట్టినరోజులకి, పెళ్లిళ్లకి ఎవరో ఒకరు కొట్టేస్తారు. ఫొటో బాగా రాలేదని తీసేసే ముందు ఒక్కసారి కళ్లు చూడండి. ఫ్లాష్ లెన్స్‌కి పక్కనే ఉంటుంది కాబట్టి ఆ వెలుగు కంటిపాపలోంచి లోపలికి వెళ్లి, వెనకున్న రెటీనాకి తగిలి తిరిగి కెమెరాలోకే వస్తుంది. అక్కడ రక్తనాళాలుంటాయి గనుక కన్ను ఎర్రగా పడుతుంది. మనం దాన్ని చెడిపోయిన ఫొటో అంటాం. నిజానికి రెండు కళ్లూ ఒకేలా ఎర్రగా పడితే వెలుగు లోపలి దాకా వెళ్లి వచ్చిందని.

ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగానో పసుపుగానో మెరిస్తే మాత్రం ఆగండి. పిల్లి కన్నులా ఉందని నవ్వి వదిలేయకండి. ప్రతి తెల్ల మెరుపూ జబ్బు కాదు. పాప పక్కకి చూస్తున్నప్పుడు ఒక కోణంలో కంటి నరం మొదలయ్యే చోట వెలుగు తగిలినా అలా రావచ్చు. కానీ పుట్టుకతో వచ్చే శుక్లం, మెల్ల, ఎక్కువ పవర్ ఉండటం, రెటీనా జబ్బులు కూడా ఇలా బయటపడతాయి. అన్నిటికన్నా ముందు కొట్టిపారేయాల్సింది రెటినోబ్లాస్టోమా. ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకి వచ్చే కంటి క్యాన్సర్ అది. పాప నొప్పని చెప్పదు. ఒక కంటితో సరిగ్గా కనబడకపోయినా ఆ సంగతి తనకే తెలియదు. అమ్మానాన్నలకు తొలిసారి అనుమానం వచ్చేది చాలాసార్లు ఇలాంటి ఫొటో చూసే. త్వరగా పట్టుకుంటే ప్రాణాన్నీ, చాలామందికి చూపునీ కాపాడొచ్చు.

అమెరికాలో బేలర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్రయన్ షా కొడుక్కి ఈ జబ్బే వచ్చింది. ఆయన పాత ఫొటోలన్నీ తిరగేస్తే, డాక్టర్లు చెప్పకముందు తీసిన వాటిలోనే ఆ తెల్ల మెరుపు ఉంది. ఆ బాధలోంచే ఫొటోల్లో దాన్ని వెతికే యాప్ తయారైంది. 2019లో 'సైన్స్ అడ్వాన్సెస్'లో వచ్చిన పరిశోధన ప్రకారం, కంటి జబ్బులున్న పిల్లల్లో 80 శాతం మంది ఫొటోల్లో, జబ్బు నిర్ధారణకు సగటున 1.3 ఏళ్ల ముందే అది మెరుపును పట్టుకుంది. అన్నేళ్లూ సాక్ష్యం గ్యాలరీలోనే ఉంది, చూసినవాళ్లే లేరు.

అలాగని యాప్ డాక్టర్ కాదు, నేనూ కాదు. అనుమానం వస్తే మళ్లీ మళ్లీ ఫ్లాష్ కొట్టి ఇంట్లో పరీక్షలు పెట్టొద్దు. ఆ ఫొటోని రెడ్ ఐ రిమూవల్‌తో సరిచేయొద్దు, డిలీట్ చేయొద్దు. ఉన్నదున్నట్టు దాచి, వచ్చే నెల కాదు, ఈ వారమే పిల్లల కంటి డాక్టర్‌కి చూపించండి. కిటికీ వెలుగులో తీసిన ఫొటోలో ఈ మెరుపు సాధారణంగా కనిపించదు. కాబట్టి అందులో కళ్లు బాగున్నాయి కదా అని ధీమా పడొద్దు.

మన ఊళ్లో ఇందుకు దూరం వెళ్లక్కర్లేదు. పంజాగుట్ట నుంచి నాగార్జున సర్కిల్ మీదుగా బంజారాహిల్స్ వైపు వెళ్తే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన సంస్థ. రెటినోబ్లాస్టోమా వైద్యం అక్కడుంది. 'మిస్సమ్మ' తీసిన దర్శకుడు ఎల్వీ ప్రసాద్ చేసిన సాయానికి గుర్తుగా ఆయన పేరు పెట్టారు. జీవితమంతా లైట్లు, కెమెరాల మధ్య గడిపిన మనిషి పేరు ఒక కంటి ఆసుపత్రికి ఉండటం నాకెప్పుడూ బాగా అనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి కావాలనుకుంటే మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

ఈ ఆదివారం పని

పిడికిలి చాపి ఇల్లంతా తిరిగి మీ కిటికీ ఏదో, దాని టైమేదో కనిపెట్టండి. లైట్లు ఆపి, నేలమీద కూర్చుని, కంటి మీద తట్టి ఇరవై తీయండి. వాటిలో కంట్లో కిటికీ ఉన్నది ఒకటి ఉంచుకుని ప్రింట్ వేయించండి.

ఆ పనయ్యాక పాత ఫొటోల్లోకి వెళ్లండి. పాప పుట్టినప్పటి నుంచి ఫ్లాష్‌తో తీసినవన్నీ ఒక్కొక్కటీ జూమ్ చేసి రెండు కళ్లూ చూడండి. చాలామందికి ఏమీ కనిపించదు, హాయిగా నిద్రపోవచ్చు. కనిపించినవాళ్లు సోమవారం పొద్దున్నే బయల్దేరండి.